డెల్బర్ట్ కోసిన కొక్కెం

“తీసేటప్పుడు కోటుకి తగులుకుని నా చేతిలోనే పేలితే? ఇంకో చంకలో పాప ఉంటుంది.”

షెడ్డు గుమ్మం పూర్తిగా దాటకుండానే బ్రెన్నా అన్న మొదటి మాట ఇది. ఎవరో, ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పలేదు. రివాల్వర్‌ని తువ్వాలులో చుట్టి, కాగుతున్న గిన్నెను పట్టుకున్నట్టు ఒంటికి దూరంగా పట్టుకుని నిలబడింది.

బెంచీ వెనక డెల్బర్ట్ స్కైల్స్ కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకున్నాడు.

“ముందు దాన్ని ఆ ఇసకబస్తా వైపు తిప్పి బల్ల మీద పెట్టమ్మా. తర్వాత ఇద్దరం కలిసి భయపడదాం.”

పొయ్యి పక్కన కుర్చీలో కాఫీ తాగుతున్న హర్షెల్ నవ్వాడు. అతనికి తుపాకీతో పనేమీ లేదు, రోజూ కాఫీకే వస్తాడు. “సరైన చోటికే వచ్చావమ్మాయ్. ఈ లోయ మొత్తానికి భయం సరఫరా చేసేది ఈయనే.”

డెల్బర్ట్ పట్టించుకోలేదు. తువ్వాలు విప్పి, తూటాల చక్రం పక్కకి తెరిచి, తూటాలన్నీ ఓ గిన్నెలోకి ఒంపాడు. ఖాళీ గదుల్లోకి తొంగి చూశాడు. ఆమెనీ చూడమన్నాడు. చూసింది. అప్పుడు ఒక్కో గదిలోనూ చిటికెనవేలు పెట్టి తడిమాడు. హర్షెల్ వైపు తిప్పాడు.

“నువ్వూ చూడు.”

“నేను కొనుక్కోడానికి రాలేదు.”

“చూడు.”

హర్షెల్ నిట్టూర్చి చూశాడు. “ఖాళీ. నీ బుర్రలాగే.”

అప్పుడుగానీ డెల్బర్ట్ ఆమెను కూర్చోమనలేదు.

బ్రెన్నా ఊరి నీటి శుద్ధి కేంద్రంలో పనిచేస్తుంది. రసాయన శాస్త్రం చదివింది. తెల్లారగానే బయల్దేరి, వాగుల వెంట ఇళ్లు విసిరేసినట్టున్న కొండ సందుల్లోకి వెళ్లి, కుళాయిల దగ్గర పరీక్షకి నీళ్లు పట్టి సీసాలు తెస్తుంది. భర్త వేడ్ నది మీద బొగ్గు పడవలు లాగే బోటులో పనివాడు. వెళ్తే వారాల తరబడి ఇంటికి రాడు. పాప ఐడాకి ఇంకా మాటలు రాలేదు. శీతాకాలం మొదలైనప్పటి నుంచీ ఒక బూడిదరంగు ట్రక్కు ఆమె వెనకాలే వస్తోంది. ఆగితే ఆగుతుంది. ఓసారి వంతెన దగ్గర అడ్డంగా పెట్టి, అద్దం దించి, ఆ మనిషి ఏమీ అనకుండా చూస్తూ కూర్చున్నాడు. షెరీఫ్ ఆఫీసులో చెబితే, రోడ్డు మీద చూడ్డం నేరం కాదన్నారు. దాంతో వేడ్ తన మేనత్త వదిలిపోయిన ఈ రివాల్వర్‌ని ఆమె చేతికిచ్చి నదికి వెళ్లిపోయాడు. తుపాకీ లైసెన్సు, వాడకం నేర్పే క్లాసు, అన్నీ పూర్తయ్యాయి. భయం మాత్రం రెట్టింపయింది. అంతకుముందు ట్రక్కు ఒక్కటే. ఇప్పుడు జేబులో ఇది కూడా.

“కోటు జేబులోంచి తియ్యడం అలవాటు చేసుకుందామని ఖాళీగా పెట్టుకుని తీశాను,” అంది. “ఇది లైనింగుకి పట్టుకుని జేబంతా బయటికొచ్చింది.”

ఆమె చూపించింది రివాల్వర్ వెనక ఉండే సుత్తిని. తూటాని కొట్టేది అదే. దాని నెత్తి మీద బొటనవేలు ఆనించి వెనక్కి లాగడానికి చిన్న కొక్కెం ఉంటుంది, కోడి జుట్టులా పైకి లేచి.

“దీని గురించే సగం మంది వస్తారు,” అన్నాడు డెల్బర్ట్. “ఆ కొక్కెం కోసేస్తే జేబులోంచి సబ్బుబిళ్లలా జారుతుంది. ట్రిగ్గరు నొక్కితే సుత్తి దానంతట అదే లేచి పడుతుంది. లాగనక్కర్లేదు.”

“ఇనుము తీసేస్తే బరువు తగ్గదా? దెబ్బ చాలకపోతే?”

“తగ్గుతుంది. మంచి ప్రశ్నే. అందుకే స్ప్రింగు జోలికి పోను. ట్రిగ్గరు మెత్తగా చెయ్యమనేవాళ్లకి కాఫీ ఇచ్చి పంపిస్తా.” ఆమె భుజాల వైపు చూశాడు. “కోటేది?”

“కోటా?”

“నువ్వు ఏ కోట్లో పెట్టుకుంటావో ఆ కోటు. అది చూడకుండా నేను ఆకురాయి ముట్టుకోను. సంచీలో పెట్టుకునేవాళ్లు సంచీ తెస్తారు. అబ్నర్ అని ఒకడు తను వేసుకునే ప్యాంటు తెచ్చాడు.”

“వేసుకునే తెచ్చాడు,” అన్నాడు హర్షెల్. “ఇక్కడే విప్పాడు. చూడ్డం నా ఖర్మ.”

బ్రెన్నాకి నవ్వు రాలేదు. కోటు మీద పాప పొద్దున్నే పాలు కక్కింది. అది ఉతుకుతోంది. డెల్బర్ట్ గడ్డం గోక్కున్నాడు. ఆ కొక్కెం సగం కొయ్యాలా, మొత్తం కొయ్యాలా, అంచు గుండ్రంగా చెయ్యాలా అన్నది చెయ్యి ఏ దారిన లోపలికి వెళ్లి ఏ దారిన బయటికొస్తుందో చూశాకే తెలుస్తుందని చెప్పాడు. “దీన్ని ఇక్కడ వదిలెళ్లు. రేపు కోటుతో రా.”

ఆమె బల్ల మీదున్న దాన్ని చూసింది. ఆ కొండ సందులోంచి ఇంటికి ఒంటరిగా వెళ్లే దారి గుర్తొచ్చింది.

“వద్దండీ. తీసుకెళ్తాను.”

డెల్బర్ట్ వాదించలేదు. తూటాలు వేరుగా కట్టి ఇచ్చాడు. గుమ్మం దాకా వచ్చి, ఆమె ఇల్లెక్కడో అడిగి, ఒక కాగితం ముక్క మీద తన ఫోన్ నెంబరు రాసి ఆమె చేతిలో పెట్టాడు. “ఏ వేళైనా సరే. మా ఆవిడ నోరీన్ ఎత్తుతుంది. నాకు చెవులు సరిగా పనిచెయ్యవు.”

డెల్బర్ట్‌కి చెవులు పోయింది గని పనిలో. అక్కడ బొగ్గు తవ్వే యంత్రాలు బాగుచేసేవాడు. ఆకురాయి పట్టడం, ఇనుముని వెంట్రుకవాసి తియ్యడం అన్నీ భూమి కిందే నేర్చుకున్నాడు. నిలబడబోయే చోట పైకప్పుని ముందు ఇనపకడ్డీతో తట్టి, ఆ మోత వినేవాడు. గట్టిగా మోగితే అడుగుపెట్టేవాడు. డొల్లగా మోగితే, కప్పు కూలొచ్చని, ఎవరెన్ని తిట్టినా కదిలేవాడు కాదు. తట్టడం అందరూ చేసేదే గానీ, నిన్న తట్టిన చోట ఇవాళ, పొద్దున తట్టిన చోట భోజనమయ్యాక మళ్లీ తట్టేవాడు ఆయనొక్కడే. అందుకే గనిలో ఆయన్ని ‘టకటక’ అని పిలిచేవారు. ఇప్పటికీ కొందరు ముసలివాళ్లు చర్చి మెట్ల మీద ఆయన కనబడితే చేతికర్రతో గుమ్మాన్ని తట్టి నవ్వుతారు. ఆయనా నవ్వుతాడు. గని మూతపడ్డాక ఇంటి వెనక ఈ షెడ్డు వేసుకుని తుపాకులు బాగుచెయ్యడం మొదలుపెట్టాడు. వేటకాలంలో జనం బారులు తీరతారు. ఆయన మాత్రం ఏనాడూ వేటకి వెళ్లలేదు. ఎందుకని అడిగితే, “చప్పుడంటే నాకు పడదు,” అంటాడు.

ఆ రోజు సాయంత్రం కొండ వెనక్కి ఎండ దిగిపోతోంది. బ్రెన్నా మొక్కజొన్న రొట్టె ఓవెన్లో పెట్టి, పాప నిద్రపోతోందని మెల్లగా గిన్నెలు కడుగుతోంది. కంకర మీద చక్రాల చప్పుడు వినబడింది.

వేడ్ కాదు. ఇరుగుపొరుగు ఎవరూ చెప్పకుండా రారు. కిటికీ తెర సందులోంచి చూస్తే వెలుగు తగ్గిన ఆకాశం, దాని కింద ఒక ట్రక్కు. బూడిదరంగో, నీలమో, ఆ వెలుగులో ఏదైనా బూడిదరంగే. ఇంజను ఆపలేదు. తలుపు తెరుచుకున్న చప్పుడు.

తర్వాత ఏం చేసిందో ఆమెకి వరుసగా గుర్తులేదు. అలమారు పైన తాళం వేసిన పెట్టె తెరిచింది. తూటాలు వేసింది. వంటగది గుమ్మానికి పక్కగా నిలబడింది. అప్పుడే ఆమె బొటనవేలు తనంతట తాను పైకి లేచి, ఆ కొక్కేన్ని పట్టుకుని, సుత్తిని పూర్తిగా వెనక్కి లాగింది. టిక్ మంది. ఆ చప్పుడు ఇల్లంతా వినబడ్డట్టనిపించింది.

బయట తలుపు మూసుకుంది. ట్రక్కు వెనక్కి తిరిగి, కంకర నలుపుకుంటూ రోడ్డెక్కింది. వెళ్లిపోయింది.

ఊపిరి పీల్చుకోబోయి ఆగింది. చేతిలో సుత్తి వెనక్కి లాగి ఉంది. మామూలుగా గట్టిగా నొక్కితేగానీ కదలని ట్రిగ్గరు, సుత్తి లాగిన తర్వాత ఈకంత తేలికవుతుందని క్లాసులో చెప్పారు. దాన్ని మెల్లగా దించొచ్చని కూడా చెప్పారు. చెమట పట్టిన బొటనవేలు ఆ కొక్కెం మీద జారిందంటే ఏమవుతుందో వాళ్లు చెప్పక్కర్లేదు.

లోపలి గదిలో ఐడా లేచి ఏడవడం మొదలుపెట్టింది.

ఆమె కదల్లేదు. పాప వైపు తిరిగితే ఇది కూడా తిరుగుతుంది. కింద పెడదామంటే ఆ కుదుపుకే పేలుతుందేమో. ఓవెన్లోంచి రొట్టె మాడుతున్న వాసన వస్తోంది. ఎడమ చేత్తో ఫోను తీసి, ఆ కాగితం ముక్క చూసి నొక్కింది.

నోరీన్ ఎత్తింది. ఒక్క వాక్యం విని, “ఉండు తల్లీ,” అని ఫోను ఆయనకిచ్చింది.

“వేలెక్కడుంది?” డెల్బర్ట్ గొంతు.

“బయటే. ట్రిగ్గరు మీద లేదు.”

“మూతి ఎటుంది?”

“నేలకి.”

“నేల కింద?”

“సెల్లారు. ఎవరూ లేరు.”

“పాప?”

“లోపల ఏడుస్తోంది. నేను వెళ్లలేకపోతున్నానండీ.”

“ఏడవనీ. ఏడుస్తోందంటే బాగానే ఉందన్నమాట. ఇప్పుడు నా మాట విను. దాన్ని సరిచెయ్యాలని చూడకు. అలాగే ఉండనీ. మీ వెనక వరండాలో మంచు కరగడానికి రోడ్డు మీద చల్లే ఉప్పు బస్తాలున్నాయా?”

“ఉన్నాయి.”

“మూతి నేలకే ఉంచి మెల్లగా అక్కడికెళ్లు. బస్తాల మీద పడుకోబెట్టు, మూతి కొండ వైపు. పెట్టాక చెయ్యి తీసెయ్. తలుపేసి పాప దగ్గరికెళ్లు. ఇంటికి ఆ చివర గదిలోకి.”

“ఆ ట్రక్కు మళ్లీ వస్తే? నా దగ్గర ఏమీ ఉండదు.”

అవతల నోరీన్ ఇంకో ఫోనులో షెరీఫ్ ఆఫీసుతో గట్టిగా మాట్లాడుతున్న గొంతు వినబడుతోంది.

“నాకూ అదే భయం,” అన్నాడు. “కానీ ఆ ట్రక్కు ఇప్పుడు రోడ్డు మీదుంది. ఇది నీ ఇంట్లో ఉంది. దగ్గరున్నదాని సంగతి ముందు చూద్దాం. బయల్దేరుతున్నా.”

వంటగది నుంచి వెనక వరండాకి నాలుగు అంగలు. ఆమె గోడ పట్టుకుని నడిచింది. బస్తాల మీద దాన్ని పడుకోబెడుతుంటే ఉప్పు గలగలమంది. చెయ్యి తీశాక కూడా ఆ చెయ్యి తనది కాదన్నట్టుంది. తలుపేసింది. ఓవెన్ ఆర్పింది. ఐడాని ఎత్తుకుని చివరి గదిలో మంచానికీ గోడకీ మధ్య కూర్చుంది. ఎదురుగా అన్ని గోడలకవతల, వరండాలో అది అలాగే నోరు తెరుచుకుని ఉంది. పిల్లి ఎక్కి తంతే? బస్తా కుంగితే? రోడ్డు మీద ఏ బండి మోత వినబడినా అదేనేమోననిపించింది. పాప మాత్రం ఏడుపు మాని ఆమె మెడలో ముఖం దాచుకుంది.

స్కైల్స్ దంపతులు వచ్చారు. దూరం నుంచే హారన్ కొట్టి, “నేనేనమ్మా, డెల్బర్ట్‌ని. ముందు గుమ్మంలోంచి వస్తున్నా,” అని అరిచాడు. నోరీన్ లావాటి మనిషి, పొట్టిగా ఉంటుంది. పాపకి తన కోటు చుట్టబెట్టి, ఇద్దరినీ నడిపించుకుంటూ కార్లో కూర్చోబెట్టింది. కారు ఇంటి పక్కకి ఆపారు. అక్కణ్నించి వరండాలో వెలుగుతున్న దీపం కింద డెల్బర్ట్ వీపు కనబడుతోంది.

ఆయన ఉప్పు బస్తాల ముందు నిలబడ్డాడు. చేతులు ముందుకి చాపాడు. ముట్టుకోలేదు. చేతులు వెనక్కి తీసుకుని, చంకల్లో పెట్టుకుని, స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

“ఏం చేస్తున్నారు?” అంది బ్రెన్నా.

“చేతులు ఆగాలి,” అంది నోరీన్. “ఆగేదాకా ముట్టుకోడు.”

“వణుకుతున్నాయా?”

“ఎప్పుడూ వణుకుతాయి. వేరేవాళ్లవి వణకవా? ఈయన చూసుకుంటాడు, వాళ్లు చూసుకోరు, అంతే.” నోరీన్ పాప కాళ్లు చేత్తో రుద్దుతోంది. “ఓసారి ఇలాగే ఆగాడు. ఇదిగో వస్తున్నా అన్నాడు. నేను పొయ్యి మీద పెట్టిన చిక్కుడు గింజలు బొగ్గయిపోయాయి. గిన్నె చూసి, ఈ బొగ్గు మా గనిలోంచి తెచ్చావా అన్నాడు.”

బ్రెన్నా వరండా వైపు చూసింది. డెల్బర్ట్ ఇంకా కూర్చునే ఉన్నాడు. కాసేపటికి లేచాడు. మళ్లీ చేతులు చాపి చూసుకున్నాడు. వంగాడు. వీపు అడ్డమొచ్చింది. నోరీన్ మాటలు ఆపేసింది. ఆమె అరచెయ్యి పాప చెవి మీదికి వెళ్లడం బ్రెన్నా చూసింది.

చాలాసేపు ఏ చప్పుడూ రాలేదు.

డెల్బర్ట్ వరండా మెట్లు దిగొచ్చాడు. రివాల్వర్ చక్రం తెరిచి ఉంది, తూటాలు ఇంకో చేతిలో ఉన్నాయి. రెండో మెట్టు మీద కూర్చుండిపోయాడు.

“పేలలేదు,” అన్నాడు.

“పేలుంటే మాకూ వినబడేదిలే,” అంది నోరీన్. వెళ్లి పక్కన కూర్చుని ఆయన మెడ వెనక చెయ్యేసింది.

షెరీఫ్ మనిషి వచ్చి కంకర మీద టైర్ల గీతలు చూశాడు. ఎవరో దారి తప్పి వచ్చి వెనక్కి తిప్పుకుని ఉండొచ్చన్నాడు. కాకపోయీ ఉండొచ్చన్నాడు. అది తేలలేదు, తర్వాతా తేలలేదు.

కాఫీ తాగుతూ డెల్బర్ట్ మెల్లగా అడిగాడు. “ట్రిగ్గరు నొక్కితే చాలని పొద్దున చెప్పాను కదమ్మా. సుత్తి ఎందుకు లాగావు?”

ఆమె తన బొటనవేలు చూసుకుంది. “మా తాత,” అంది. “చిన్నప్పుడు కంచె మీద డబ్బాలు పెట్టి కొట్టించేవాడు. ఆయన దగ్గరున్నది పాతకాలంది. సుత్తి లాగకపోతే అది పేలదు. ప్రతిసారీ ‘బొటనవేలు, బొటనవేలు’ అని అరిచేవాడు.”

డెల్బర్ట్ తలాడించాడు. “ఈ కొండల్లో సగం మంది చేతులకి అదే పాఠం. పాఠం మంచిదే. తుపాకీ మారింది.”

మర్నాడు బ్రెన్నా కోటు తెచ్చింది. డెల్బర్ట్ దాన్ని తనే తొడుక్కున్నాడు. భుజాల దగ్గర కుట్లు పట్టేశాయి, చేతులు మోచేతి దాకానే వచ్చాయి. ఆ అవతారంతోనే షెడ్డులో అటూ ఇటూ నడిచి, వంగి, కూర్చుని, లేచి, ఖాళీ రివాల్వర్‌ని జేబులో పెట్టి తీశాడు.

“ఆ రంగు నీకు బాగా నప్పింది డెల్,” అన్నాడు హర్షెల్. “ఆదివారం చర్చికి వేసుకురా.”

“జేబులో ఏంటివి?” డెల్బర్ట్ పాలపీక, నలిగిన బిస్కెట్టు ముక్కలు, రబ్బరు తొడుగులు ఒక్కొక్కటే తీసి బల్ల మీద పెట్టాడు. “ఇది ఉన్న జేబులో ఇంకేదీ ఉండకూడదు. పాప ఏడిస్తే నువ్వు పీక కోసం చెయ్యి పెడతావు. వింటున్నావా?”

“వింటున్నానండీ.”

“నిన్న సగం కోద్దామనుకున్నా. ఇవాళ మొత్తం తీసేస్తా. అంతేకాదు, లోపల కూడా సరిచేస్తా. ఎవరు లాగినా సుత్తి వెనక నిలబడదు.”

“ఎప్పుడైనా అవసరమైతే?”

“నిన్న అవసరమైందా?”

ఆమె బల్ల మీది పాలపీక, తొడుగులు ఏరి సంచీలో వేసుకుంది.

ఆకురాయి చప్పుడు చాలాసేపు సాగింది. మధ్యమధ్యలో ఆపి, వేలితో అంచు తడిమి, మళ్లీ మొదలుపెట్టేవాడు. పని పూర్తయ్యాక చక్రం తెరిచి, తను చూసి, హర్షెల్‌కి చూపించి, ఆమెకి చూపించి, చేతికిచ్చాడు. ఇసకబస్తా వైపు తిప్పి పట్టుకోమన్నాడు.

“ఎవరో వచ్చారనుకో,” అన్నాడు.

ఆమె అనుకుంది. చెయ్యి పైకి లేచింది. దాంతోపాటే బొటనవేలు కూడా లేచింది. లేని కొక్కెం కోసం వెతుక్కుని, నున్నటి ఇనుము మీద జారి కింద పడింది. మళ్లీ లేచింది. మళ్లీ జారింది. ఆమె దాన్ని బల్ల మీద పెట్టేసింది.

“వేలు అలవాటు మానలేదండీ.”

“మానదు. సుత్తి కొయ్యగలను, నీ వేలు కొయ్యలేను కదా.” డెల్బర్ట్ కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. “చూడమ్మా. నాకు తుపాకీ అంటే భయం, చీకటంటే భయం, మా ఆవిడ మెట్లు దిగుతుంటే భయం. భయం పోగొట్టే పని నాకు చేతకాదు. కానీ భయమేసినప్పుడు చేతులు ఏదో ఒకటి పట్టుకోవాలని చూస్తాయి, అది నాకు తెలుసు. నిన్న నీ చేతులు దీన్ని పట్టుకున్నాయి. అక్కడే ఇరుక్కుపోయాయి. పాప ఏడుస్తుంటే ఎత్తుకోలేకపోయావు.”

“అవును.”

“ఇంట్లో ఉండగా భయమేస్తే ముందు పాపని ఎత్తుకో. ఇదీ, ఫోనూ అన్నీ తర్వాత. పాపతో ఆ చివరి గదికి పో, తలుపుకి గడియపెట్టు, ఫోను చెయ్యి. దీని పెట్టె ఆ గదిలోనే పైన పెట్టుకో. తలుపవతలికి ఎవడైనా వచ్చి బద్దలు కొట్టడం మొదలుపెడితే, అప్పుడు దీని సంగతి.”

వేడ్ నది నుంచి తిరిగొచ్చాక ఆ పెట్టెని చివరి గది అలమారు పై అరలో బిగించాడు, తలుపుకి బలమైన గడియ వేశాడు. అతను మొదటిసారి చెప్పకుండా ఒక రోజు ముందే వచ్చినప్పుడు వంటగదిలో కుళాయి పారుతోంది, పొయ్యి మీద ఏదో ఉడుకుతోంది, మనిషి జాడ లేదు. ఎంత పిలిచినా పలకలేదు. చివరికి గడియ అవతల్నించి, “ఎవరు?” అని ఆమె గొంతు వినబడింది.

“నేనే. మొగుణ్ని.”

“ఇంకోసారి అను.”

అన్నాడు. తలుపు తీసేసరికి ఐడా ఆమె చంకలో, ఫోను ఆమె చేతిలో, అలమారులో పెట్టె తాళం వేసినట్టే ఉంది. వేడ్ నవ్వాడు, కానీ ఎక్కువ నవ్వలేదు.

ఇప్పటికీ కంకర మీద చక్రాల చప్పుడైతే బ్రెన్నా చేతిలో ఏముంటే అది అక్కడే వదిలేస్తుంది. పోస్టుమనిషయినా సరే. కిటికీ దగ్గరికి కూడా వెళ్లదు. ముందు పాపని ఎత్తుకుంటుంది.